సీసా ఖాళీ కాకముందే

మా ఆడపడుచు నన్ను పదిమంది ముందు ‘వదినా’ అని పిలిచిన రోజే ఆ పరిశోధనశాలలో నా అసలు పేరు గల్లంతయింది. మర్నాటి నుంచి గదులు ఊడ్చే మనిషి మొదలుకొని డైరెక్టరు దాకా అందరికీ నేను వదిననే. డైరెక్టరుగారు నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆయన తలుపు సందులోంచి తొంగిచూసి, వదినా, ఇవాళ ఎన్ని తూకాలున్నాయని అడిగితే నవ్వాలో మొహం తిప్పుకోవాలో తెలిసేది కాదు. పిలుపు సంగతి ఎలా ఉన్నా నా తూకాన్ని మాత్రం ఎవరూ వేళాకోళం చేయలేదు. ఎనిమిదేళ్ళలో నా కాగితం ఒక్కటి కూడా తప్పని వెనక్కి రాలేదు. ఆ గర్వం నాకు నిలువెల్లా ఉండేది.

తూకం గది మా ఇంటి బీరువా కంటే కొంచెం పెద్దది. కిటికీ లేదు, ఫ్యాను పెట్టనివ్వరు. గాజు పెట్టెలో త్రాసు ఉంటుంది. గ్రాములో పదివేలో వంతును కూడా చూపిస్తుంది. దగ్గరగా ఊపిరి వదిలితే చివరి అంకె వణుకుతుంది. అందుకని ఊపిరి బిగబట్టి తూచడం నేర్చుకున్నాను. ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు కూడా ఊపిరి బిగబడుతున్నానని మా ఆయన వెక్కిరిస్తుంటారు.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో ఆ లెక్క సరిపోదు, మా అమ్మడు ముప్పావు మొగుడు. నేను కాపురానికి వచ్చేసరికి దానికి పదేళ్ళు. అత్తగారు అప్పటికే లేరు. దాని జడలు వేసింది నేను, జ్వరం వస్తే పక్కన కూర్చుంది నేను, పాఠాలు అప్పజెబుతుంటే పుస్తకం పట్టుకుని విన్నదీ నేనే. అది చదివి చదివి డాక్టరేటు దాకా వెళ్ళింది. నేను విని విని తూకం గది దాకా వచ్చాను. ఆ ఉద్యోగంలో నన్ను పెట్టించింది కూడా అదే. నీ చెయ్యి నాకు తెలుసు వదినా, ఇంకెవరి చేతినీ నమ్మలేనని డైరెక్టరు ముందే అంది. ఇప్పటికీ మా మేడమీది గదిలో ఉంటుంది, కింద మాతోనే తింటుంది. నా వంటకి వంక పెట్టే హక్కు ఈ ప్రపంచంలో దానికొక్కదానికే ఇచ్చాను.

అది చేస్తున్న పని చెప్పడానికి తేలిక, చేయడానికి నరకం. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళకి రోజుకి ఏ అమైనో ఆమ్లం ఎంత కావాలో తేల్చాలి. మనం తిన్న మాంసకృత్తులు కడుపులో విడిపోతే వచ్చే ముక్కలే ఈ ఆమ్లాలు. వాటిలో కొన్నిటిని ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలోంచి రావలసిందే. ఈసారి వంతు లైసిన్‌ది. మొదట్లో నా బుర్రకెక్కకపోతే అమ్మడు మా ఆయన కుట్టుమిషను పక్కన కూర్చుని చెప్పింది.

“అన్నయ్య దగ్గర పది చొక్కాలకి గుడ్డ ఉందనుకో వదినా. గుండీలేమో ఆరు చొక్కాలకే ఉన్నాయి. మిగతా గుడ్డ ఏమవుతుంది? పీలికలవుతుంది. ఒంట్లో అయితే ఆ పీలికలు కాలిపోయి ఊపిరిలో బయటికొచ్చేస్తాయి. గుండీలు పెంచుకుంటూ పోతే పీలికలు తగ్గుతూ వస్తాయి. ఒక చోటుకొచ్చాక ఇక తగ్గవు. అదే మనకి కావలసిన లెక్క.”

గుండీలు లైసిన్ అన్నమాట. పీలికల్ని కొలవడం కోసం అమ్మడు పన్నెండు మంది పడుచువాళ్ళని పోగుచేసింది. ఒక్కొక్కరు ఏడేసి రోజులు రావాలి, ఒక్కో రోజు ఒక్కో మోతాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి నేను తూచి కలిపిన పొడి నీళ్ళు తాగాలి, మాంసకృత్తులు లేని పిండి బిస్కట్లు తినాలి, కుర్చీలో కదలకుండా పడుండాలి, అరగంటకోసారి సంచిలోకి ఊపిరి ఊదాలి. ఆ నీళ్ళు నేనోసారి రుచి చూశాను. ఆ తర్వాత వాళ్ళు ఎన్ని మొహాలు పెట్టినా కోపం తెచ్చుకోలేదు, ఒక్కడి మీద తప్ప. వాడు ఈత నేర్పే మనిషి, ఇరవై నాలుగేళ్ళవాడు. సంచి చేతికిచ్చిన ప్రతిసారీ ఇంకెన్ని అని అడిగేవాడు. చివరికి వాడి పేరే ఇంకెన్ని అయిపోయింది.

ఈ లెక్క ఉత్త చదువు కోసం కాదు. తేలిన అంకె ఆహార బోర్డుకి వెళుతుంది. హాస్టళ్ళలో, ఆస్పత్రుల్లో, జైళ్ళలో, ఫ్యాక్టరీ క్యాంటీన్లలో పళ్ళెంలో ఏమేం ఎంతెంత పెట్టాలో ఆ బోర్డు నిర్ణయిస్తుంది. అంకె పెద్దదైతే గుడ్డో గింజలో కాస్త పెరుగుతాయి, చిన్నదైతే తగ్గుతాయి. తగ్గించడానికి కారణం దొరికితే ఎవరూ వదులుకోరు. బోర్డు ముందు ఫలితం చెప్పే రోజునే అమ్మడి ఉద్యోగం సంగతీ తేలాలి. తొమ్మిదేళ్ళుగా ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చిన ఉద్యోగం అది. ఈ పని నిలబడితే పర్మనెంటు చేస్తామన్నారు. లేకపోతే ఆ చోటు కోసం ఇంకొకాయన కాచుకుని కూర్చున్నాడు.

ఇక నా పని. మేము తెప్పించే లైసిన్ ఒట్టిగా రాదు. హైడ్రోక్లోరైడ్ అనే ఉప్పు రూపంలో వస్తుంది. ఆ ఉప్పు వంద పాళ్ళలో ఎనభై పాళ్ళే లైసిన్, మిగతాది దాని తోక. అందుకని కావలసినదానికి పావు వంతు కలిపి తూచాలి. మొదటి రోజునే అమ్మడు పెద్ద అక్షరాలతో ‘ఒకటింబావు’ అని అట్టముక్క మీద రాసి గోడకి అంటించింది. నాకు ఆ అట్టతో అవసరం ఏనాడూ రాలేదు. నిద్రలో లేపి అడిగినా ఒకటింబావు అనేదాన్ని.

పన్నెండు మందీ అయిపోయారు. బోర్డు సమావేశం ఆరు రోజులుందనగా స్టోరు గుమాస్తా ఖాళీ డబ్బాలు అప్పజెప్పమన్నాడు. ఆయనకి లోకంలో ఉన్న ఒకే ఒక్క సంతోషం ఖాళీ డబ్బాలు. అలమరలో లైసిన్‌వి రెండున్నాయి. రెండూ తెల్లవే, రెంటికీ నీలం మూతలే, ఒకే కంపెనీ బొమ్మ. నంబర్లు రాసుకుందామని పక్కపక్కన పెట్టాను. మొదటి డబ్బా మీద లైసిన్ హైడ్రోక్లోరైడ్ అని ఉంది. రెండో దాని మీద లైసిన్ అని మాత్రమే ఉంది. డబ్బాని గుండ్రంగా తిప్పి వెనకవైపు కూడా చూశాను, ఆ రెండో మాట జారి అటువైపు పడిందేమోనని.

జారలేదు. మధ్యలో సరుకు దొరక్క కంపెనీవాళ్ళు ఉప్పు బదులు ఒట్టి లైసిన్ పంపారు. స్టోరువాళ్ళు డబ్బా చూసి తీసుకున్నారు, నేను మూత చూసి తెరిచాను. ఒట్టి లైసిన్‌కి పావు కలపక్కర్లేదు. నేను కలిపాను. పుస్తకంలో ముప్పై అని ఉన్న రోజున ఆ మనిషి కడుపులోకి వెళ్ళింది ముప్పై ఏడున్నర. తక్కువిచ్చామని రాసుకుని ఎక్కువిచ్చాం. కాబట్టి తక్కువతోనే వాళ్ళ ఒళ్ళు సరిపెట్టుకున్నట్టు లెక్కలో కనబడుతుంది. అంకె దిగిపోతుంది. దాన్ని నమ్మి వేలమంది పళ్ళేల్లో తిండి తగ్గిస్తారు.

ఏ రోజు నుంచి కొత్త డబ్బా వాడానో తెలిస్తే అది కూడా సరిచేయొచ్చు. అక్కడే నా కొంప మునిగింది. త్రాసు పక్కన ఒక గాజు సీసా ఉంటుంది. డబ్బాలోంచి పొడి ఆ సీసాలోకి, సీసాలోంచి త్రాసు మీదికి. ఆ సీసాని నేను ఏనాడూ ఖాళీ కానివ్వలేదు. వంటింట్లో ఏ సీసా అయినా అడుగంటకముందే నింపడం నాకు అలవాటు. మా అమ్మ అలాగే చేసేది, అడుగు గీకే ఇల్లు చూడ్డానికి బాగుండదనేది. ఇక్కడా అంతే. సగానికి రాగానే పైన పోశాను, మళ్ళీ సగమైతే మళ్ళీ పోశాను. పాతదీ కొత్తదీ కలిసిపోయాయి. ఏ రోజు తూకంలో ఏది ఎంత పాలో దేవుడికి కూడా తెలియదు. పుస్తకంలో డబ్బా నంబరు రాసే గడి ఒకటుంది. మొదటి రోజు నంబరు వేసి, ఆ కింద రోజూ ‘పైదే’ అన్నట్టు రెండేసి చుక్కలు పెట్టుకుంటూ పోయాను. పేజీల నిండా చుక్కలే.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వానల్లో ఆ పొడి ఉండకట్టింది. ఉప్పు ఎప్పుడూ అలా కట్టలేదు. సీసా మూత సరిగ్గా పెట్టలేదని బిస్కట్లు కాల్చే ఆవిడని తిట్టాను. ఆవిడ తూకం గదిలోకి అడుగే పెట్టదు, అయినా తిట్టించుకుంది. ఇంకెన్ని ఒకరోజు సగం తాగి గ్లాసు దించి, ఇవాళ సబ్బు నీళ్ళలా ఉందన్నాడు. నీ నాలుక కోసం నా త్రాసు మారదన్నాను. వాడు మిగతాది మింగేశాడు. వాడి నాలుకకి తెలిసినపాటి నా కళ్ళకి తెలియలేదు.

ఆ రోజు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. డబ్బాలు పాత సామానుతోపాటు వెళ్ళిపోయాయని గుమాస్తాకి అబద్ధం చెప్పాను. రెంటినీ గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, మా ఆయన కొట్లో కత్తిరింపు ముక్కలు పోసే బుట్ట అడుగున దాచాను. దారిపొడుగునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాస్తేగా తేడా. ఎవరికి తెలుస్తుంది. అమ్మడి తొమ్మిదేళ్ళ కష్టం ఒక డబ్బాపాలు చేయాలా. ఇలాంటి మాటలు అప్పటికప్పుడు ఎన్నయినా పుట్టుకొస్తాయి.

ఆ మూడు రోజులూ అమ్మడు ఎంత హుషారుగా ఉందో. తింటూ తింటూనే బోర్డు ముందు మాట్లాడవలసింది వాళ్ళన్నయ్యకి ఒప్పజెప్పేది. మా ఆయన దానికోసం బూడిదరంగు కోటు కుడుతున్నారు. భుజం దగ్గర రెండుసార్లు విప్పి కుట్టారు, ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ మూల పడేసి. మాటల మధ్యలో, లెక్కంతా బాగానే వచ్చిందా అని ఏమీ ఎరగనట్టు అడిగాను. పీలికలు తగ్గడం ఆగేచోట కాగితం మీది గీత విరుగుతుంది. మొదటి ఐదుగురి గీతలు ఒక చోట విరిగాయట, తర్వాతి ఏడుగురివి కాస్త కిందగా విరిగాయట. రెండు వారాలు నిద్రపట్టలేదంది. చివరికి ఆ ఏడుగురూ వచ్చింది వానాకాలమని తట్టిందట, ఒంటి అవసరం కాలంతోపాటు మారుతుందేమోనని ఒక పేరా రాసిందట.

“కారణం దొరికింది వదినా. హమ్మయ్య అనిపించింది.”

ఆ కారణం కూర వడ్డిస్తూ దాని ఎదురుగానే నిలబడి ఉంది. గిన్నె దింపి, మజ్జిగ తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు కోటుకి లోపలి గుడ్డ కోసం మా ఆయన బుట్టంతా తిరగేశారు. నేను కొట్టు మెట్లెక్కేసరికి రెండు డబ్బాలూ మిషను బల్ల మీద ఉన్నాయి. ఇవేమిటని ఆయన అడగలేదు, నా మొహం చూశారు. ఆయన తక్కువ మాటల మనిషి, నోట్లో సూదులు పెట్టుకుని పెట్టుకుని అలా అయిపోయారంటాను నేను. మొత్తం చెప్పాను. వింటున్నంతసేపూ కోటు చేతిని ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో రాస్తూ కూర్చున్నారు. అది ఆయన చెల్లెలు, నేను ఆయన పెళ్ళాన్ని. ఎటు తూగినా ఆయనకే నష్టం.

“చెప్తే దాని ఉద్యోగం పోతుంది,” అన్నారు చివరికి. “చెప్పకపోతే నువ్వు పోతావు. మూడు రోజుల్నుంచి నువ్వు నువ్వులా లేవు. గుడ్డ కత్తిరించింది నువ్వు కాబట్టి కొలత తప్పిందని చెప్పాల్సిందీ నువ్వే. నేను చెప్పను.”

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని సామెత. ఎవరి కాళ్ళ మీద పడుతుందో సామెత చెప్పలేదు.

పొద్దున్నే డబ్బాలు పట్టుకుని మేడెక్కాను. అమ్మడు తల దువ్వుకుంటోంది. మంచం మీద కాగితాలు పరిచి ఉన్నాయి, అన్నిటి మీదా విరిగిన గీతలే. డబ్బాలు బల్ల మీద పెట్టాను. నేను నోరు తెరవకముందే అది రెండు పేర్లూ చదివింది. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. నాకు అరగంట పట్టిన సంగతి దానికి అర నిమిషం పట్టలేదు.

“సీసా కడిగి కొత్తది పోశావా, పైన పోశావా?”

పైన పోశానన్నాను. ఎన్నిసార్లని అడిగింది. తెలియదన్నాను. ఎప్పుడు తెలిసిందని అడిగింది. నాలుగు రోజులైందని చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. అది అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. మంచం మీది కాగితాలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, అంచులు సరిచేసి, వాటి మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

తప్పంతా నాదేనని, డైరెక్టరు దగ్గరికి నేనే వెళ్ళి చెబుతానని అన్నాను. అది తల అడ్డంగా ఊపి, సొరుగులోంచి తూకం పుస్తకం తీసి మధ్యలో తెరిచింది. ప్రతి తూకాన్నీ రెండో మనిషి పక్కన నిలబడి చూడాలి, డబ్బా చదవాలి, చూశానని సంతకం పెట్టాలి. మా పనిలో అది నియమం. నా సంతకం పక్కన ప్రతి వరుసలో అమ్మడి సంతకం ఉంది. ఒక్కరోజు కూడా అది ఆ గదిలో నిలబడలేదు. గదిలో ఇద్దరం పట్టం, నా ఊపిరికే అంకె వణుకుతుంటే నీది కూడా ఎందుకు, వెళ్ళి నీ పని చూసుకో అని మొదటి వారంలోనే నేను తోలేశాను. వారం చివర పుస్తకం తెచ్చి ఇస్తే కబుర్లు చెబుతూ వరసగా సంతకాలు గీకేసేది. తిలాపాపం తలా పిడికెడు అనుకుంటే నా బరువు తగ్గాలి. తగ్గలేదు. దాని బరువు కూడా వచ్చి నామీదే కూర్చుంది.

“కిందికెళ్ళు వదినా. నన్ను కాసేపు వదిలెయ్,” అంటూ పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత రెండు రోజులు అమ్మడు కిందికి రాలేదు. పళ్ళెం మేడ మెట్ల మీద పెట్టి వచ్చేదాన్ని, సగం తిని అక్కడే పెట్టేది. పని దగ్గర ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోయేది. ఏం చేయబోతోందో అంతుపట్టలేదు. ఏమీ జరగనట్టు ఆ వానాకాలం పేరా చదివేస్తుందా? చదివేయాలని నాలో ఒక మనిషి కోరుకుంది, ఆ మాట దాచను. ఇంకో మనిషికి ఇంకెన్ని గుర్తుకొచ్చేవాడు. సబ్బు నీళ్ళని తెలిసి కూడా నా మాట మీద గటగటా తాగాడు. ఎనభై నాలుగు రోజుల పాటు ఆ పిల్లలు కుర్చీల్లో పడుండి ఊపిరి ఊదింది ఎవరి పళ్ళెంలోనో తిండి తగ్గించడానికా? సమావేశం నాటి పొద్దుటికి ఒకటి తేల్చుకున్నాను. అది చెప్పకపోతే నేను లేచి చెబుతాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు చోటుంటుందో లేదో తర్వాత చూసుకోవచ్చు. తూకం పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

సమావేశం గదిలో పొడుగాటి బల్లకి అటు బోర్డువాళ్ళు ఏడుగురు, ఇటు మావాళ్ళు. నేను వెనక గోడవారన కుర్చీలో కూర్చున్నాను. పక్కన బిస్కట్లావిడ, ఆ పక్కన స్టోరు గుమాస్తా. అమ్మడు బూడిదరంగు కోటు వేసుకుని వచ్చింది. భుజాలు అచ్చుగుద్దినట్టు కుదిరాయి. అది తెర మీద మొదటి బొమ్మ వేసేసరికి నా చేయి సంచిలోకి వెళ్ళింది. బొమ్మలో గీతలు లెక్కపెట్టాను. ఐదే ఉన్నాయి.

బోర్డు పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, పన్నెండు మందిని తీసుకున్నట్టు విన్నామే, మిగతావాళ్ళేరని అడిగింది. రెండో డబ్బా మొదటి ఐదుగురూ అయిపోయాకే స్టోరుకి వచ్చిందని, ఆ తర్వాతి ఏడుగురి లెక్క పనికిరాదని అమ్మడు చెప్పింది. రెండు రకాల పొడి ఒకే సీసాలో కలిసిపోయిందని, ఏ రోజు ఏది ఎంత వెళ్ళిందో విడదీయలేమని, వాళ్ళ లెక్క కలిపితే అంకె ఉండవలసినదానికంటే తక్కువ వస్తుందని, అది పళ్ళేల దాకా వెళ్ళకూడదని అంది. గొంతు ఎక్కడా తడబడలేదు. ఐదుగురితో అంకె తేల్చడం కుదరదని కూడా అదే చెప్పింది, వాళ్ళు అడగకముందే. డైరెక్టరుగారు బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టి, మళ్ళీ తీశారు.

ఎవరు తూచారని పెద్దావిడ అడిగింది.

“మా వదిన,” అంది అమ్మడు.

“మీరు సరిచూడలేదా? నియమం ఉంది కదా.”

“సంతకం పెట్టాను. చూడలేదు.” చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది. “ఇంకెవరు తూచినా రోజూ వెళ్ళి పక్కన నిలబడేదాన్నండీ. మా వదిన కాబట్టి చూడలేదు.”

నేను లేచి నిలబడ్డాను. చెప్పడానికి ఏమీ మిగల్లేదు, అయినా కూర్చోలేకపోయాను. గుమాస్తా నావైపు చూసి చటుక్కున తల తిప్పుకున్నాడు, డబ్బాల సంగతి ఆయనకి అప్పుడు అర్థమైనట్టుంది. బిస్కట్లావిడ నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ్ని నేను ఊరికే తిట్టానని గుర్తొచ్చి ఇంకా కుంగిపోయాను.

సాయంత్రానికి అన్నీ తేలిపోయాయి. పర్మనెంటు చోటు కాచుకుని కూర్చున్నాయనకి వెళ్ళింది. అమ్మడు నిజం చెప్పిందని బోర్డువాళ్ళు మెచ్చుకున్నారు, మెచ్చుకుని ఇంకో ఏడాది పొడిగించారు, ఏడుగురినీ మొదట్నుంచి చేయమన్నారు. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో ఎవరూ మాటివ్వలేదు. నన్ను తూకం గదిలోంచి తీసి బిస్కట్ల వంటగదిలో వేశారు. తాళంచెవి డైరెక్టరుగారి చేతిలో పెడితే, ఆయన జేబులో వేసుకున్నారు.

ఆ పూట అమ్మడు కిందికి వచ్చింది. కోటు విప్పి మా ఆయన కుర్చీకి తగిలించి, పీట వాల్చుకుని తినడానికి కూర్చుంది. నా గుండె కుదుటపడింది. ఇంకెన్నికి ఫోను చేశానని, జరిగిందంతా చెప్పానని, మళ్ళీ వస్తానన్నాడని చెప్పింది. ఈసారి సబ్బు లేకుండా ఇస్తే చాలన్నాడట. మా ఆయన నవ్వారు, అదీ నవ్వింది, నేనూ నవ్వబోయాను. అది నన్ను ఒక్క మాట కూడా అనలేదు. క్షమించమని అడగాలని తినేటప్పుడు నాలుగుసార్లు అనుకున్నాను. అడిగితే సరేనంటుందని తెలుసు, ఆ సరే వినడానికే భయమేసింది.

చేతులు కడుక్కుని మేడ మెట్ల దగ్గరికి వెళ్ళి, గ్యాసు కట్టేశావా వదినా అని అడిగింది. మేడమీదికి వెళ్ళేముందు ఏదో ఒకటి అడిగి వెళ్ళడం దానికి అలవాటే. కట్టేశానన్నాను. రెండు మెట్లెక్కింది. ఆగింది. మళ్ళీ దిగి, నా పక్కనుంచే వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గర వంగి మీట మీద చేయి పెట్టి చూసింది. సిలిండరు దగ్గర కూడా చూసింది. నావైపు చూడకుండా తిరిగొచ్చి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఇరవై నాలుగేళ్ళలో అది అలా చూడడం అదే మొదలు. తప్పేమీ లేదు, చూడాల్సిందే, అక్కడ చూడకపోబట్టే కదా ఇంత జరిగింది. మా ఆయన తల దించుకుని కోటు మడతపెడుతున్నారు. గ్యాసు కట్టేసే ఉంది. నేను కొళాయి తిప్పి, గిన్నెలు తోముతున్నట్టు నిలబడి, గట్టిగా ఏడ్చాను.